రెక్కలు మాత్రం నావి

జగ్గారావు విమానం చేస్తున్నాడని నాకు చెప్పింది మా కోడలు నిఖితే. అదీ నేను అన్నం తింటుండగా చెప్పింది. నోటిదాకా వచ్చిన ముద్దని మళ్ళీ కంచంలో పెట్టేశాను.

"ఏ జగ్గారావు?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"ఏ జగ్గారావేంటి మామయ్యా, మీ జగ్గారావుగారే."

నా జగ్గారావట! ముప్పై ఏళ్ళపాటు పక్క బల్ల దగ్గర నిలబడి నా ప్రాణం తీసినవాడు, రిటైరయ్యాక కూడా నావాడేనట.

నిఖిత సీతమ్మధారలో పిల్లల డాక్టరు శ్రీసత్యగారి దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. డాక్టరుగారు ఆస్పత్రికి కొత్త హాలు కట్టించారు. సూదికి భయపడి ఏడ్చే పిల్లలు తలెత్తి చూసి నోరు మూసుకోవడానికి అందులో ఏదైనా పెద్ద వస్తువు పెట్టాలని ఆవిడ సరదా. ఆవిడ జర్మనీలో చదువుకునేటప్పుడు అక్కడి మ్యూజియంలో ఒక పాత విమానాన్ని చూశారట. వందేళ్ళు దాటిన విమానం. పేరు టౌబ, అంటే పావురం అని అర్థమట. దాన్ని నాలుగో వంతు సైజులో చెక్కతో చేయించి, హాల్లో రెండు స్తంభాల మధ్య గాజు పెట్టెలో ఉంచాలి. చెక్కపని బాగా వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా అని ఆవిడ అడిగితే, ఇంట్లో నాలాంటి మామగారిని పెట్టుకుని, నా కోడలు కూర్మన్నపాలెం జగ్గారావు పేరు చెప్పింది.

"నేను చచ్చాననుకున్నావా అమ్మా?"

"అది కాదు మామయ్యా. మీకు కోపం ఎక్కువ కదా. డాక్టరుగారితో గొడవ పెట్టుకున్నారనుకోండి, నా ఉద్యోగం పోతుంది."

"నాకా కోపం? నాకా?" అని కంచం అవతలికి తోసేశాను. మా ఆవిడ పద్మావతి దాన్ని మళ్ళీ ఇవతలికి జరిపి, "మీకెందుకుంటుందండీ కోపం, పెరుగన్నం తినండి," అంది.

జగ్గారావంటే నాకు కుళ్ళు. చుట్టుతిప్పి చెప్పడం నాకు రాదు. వాడి గురించి నాలుగు మాటలు రాయమని ఎవరడిగినా ఈ మాటతోనే మొదలుపెడతాను. కాకపోతే వాడి గురించి నాకు తెలిసినంతగా వాడి పెళ్ళానికి కూడా తెలియదు.

మేమిద్దరం ఉక్కు ప్లాంటులో పాటర్న్ మేకర్లం. ఆ పనేమిటో చాలామందికి తెలియదు. ఏదైనా పెద్ద ఉక్కు భాగం పోత పోయాలంటే, ముందు అచ్చం అలాంటిదే చెక్కతో చేయాలి. దాన్ని ఇసకలో దిగ్గొట్టి పైకి తీస్తే గుంట పడుతుంది. ఆ గుంటలో కరిగిన ఉక్కు పోస్తారు. ఆ చెక్క నమూనా చేయడమే మా పని. ఉక్కు చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, అందుకని నమూనాని కాస్త పెద్దగా చేయాలి, మీటరుకి రెండు సెంటీమీటర్లు. ప్రతిసారీ లెక్క కట్టుకునే బాధ లేకుండా మాకు వేరే స్కేలుంటుంది. ష్రింకేజీ స్కేలంటాం. దాని మీద గీతలనే కాస్త సాగదీసి కొడతారు. అది మీటరు అని చూపిస్తే నిజానికి అది మీటరు మీద రెండు సెంటీమీటర్లు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి రిటైరయ్యేదాకా మా చేతిలో ఆడింది ఆ స్కేలే. సొంత డబ్బుతో కొనుక్కున్నవి కాబట్టి వచ్చేటప్పుడు ఎవరివి వాళ్ళం ఇంటికి తెచ్చేసుకున్నాం కూడా.

ఇంకో మాట. మేం చేసిన నమూనా మీద ఒక నంబరు వేస్తారు. దాన్నుంచి పుట్టిన ఉక్కు మీద ఇంకో నంబరు వేస్తారు. చేసినవాడి పేరు ఎక్కడా వేయరు. నేను చేసిన నమూనాలతో పోసిన పళ్ళచక్రాలు ఇప్పటికీ ఎక్కడెక్కడో తిరుగుతూనే ఉంటాయి. వాటికి నేనెవరో తెలియదు, వాటిని తిప్పేవాళ్ళకి అసలే తెలియదు. నాకు ఇది చాలా బాధ.

నేను కాకినాడ ఐటీఐలో చదివి, సర్టిఫికెట్ పుచ్చుకుని, ఇంటర్వ్యూకి కూర్చుని ఉద్యోగం తెచ్చుకున్నాను. జగ్గారావు కార్డు మీద వచ్చాడు. ప్లాంటు కోసం ఇళ్ళూ పొలాలూ ఇచ్చేసిన కుటుంబాలకి ఉద్యోగానికి హక్కుగా అప్పట్లో ఒక కార్డు ఇచ్చేవారు. వాళ్ళది మొగలిపాలెమని చిన్న ఊరు. ఇప్పుడు లేదు. షాపు కిటికీలోంచి పొగగొట్టాల వైపు చెయ్యి చూపించి, "అల్లదిగో బావ, అక్కడే మా పెసర సేను. ఆ ట్యాంకు కాడ మా నుయ్యి," అనేవాడు. నాకక్కడ ట్యాంకే కనిపించేది. నన్నేమో బావ అనేవాడు. నేను వాడి చెల్లెల్ని చేసుకోలేదు, వాడు నా చెల్లెల్ని చేసుకోలేదు, అయినా చేరిన రోజునుంచీ బావే.

పొట్టిగా, బారెడు ఛాతీతో, భుజం మీద తువ్వాలు వేసుకుని ఉంటాడు. నవ్వితే పొట్టంతా కదులుతుంది. మొదటి రోజు వాడికి ఉలి పట్టుకోవడం కూడా రాదు. నేనే చూపించాను. ఆర్నెల్లు తిరక్కుండా ఫోర్‌మన్ నా దగ్గరికొచ్చి, "సత్యం, జగ్గారావు చేసింది ఓసారి చూడవయ్యా," అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. వాడేమైనా వినయంగా తల దించుకున్నాడా? లేదు. బల్ల ఎక్కి కూర్చుని, అందరికీ వినపడేలా, "నాకు నేర్పినోడు మా బావే. మరి ఆడికెందుకు రాదో నాకు తెల్దు!" అని పకపకా నవ్వాడు. షాపంతా నవ్వింది.

అప్పట్నుంచీ అన్నిట్లోనూ వాడే. క్యాంటీన్‌లో వాడి ప్లేట్లో వడ పెద్దది పడేది. మా అబ్బాయి కార్తీక్ పెళ్ళిలో మగపెళ్ళివారి తరఫు పెద్దమనిషిని నేనైతే, ఆడపెళ్ళివాళ్ళందరూ వాడి చుట్టూ మూగారు. ఆఖరికి పద్మావతి కూడా, "ఆయన ఎంచక్కా నవ్వుతూ మాట్లాడతాడండీ," అంటుంది. నేనేమో ఏడుస్తూ మాట్లాడతానా?

సరే, విమానం సంగతి విన్న మర్నాడు పొద్దున్నే గాజువాకలో ఆటో ఎక్కి కూర్మన్నపాలెంలో దిగాను. చూడ్డానికి కాదు, ఆ దారిన పోతూ పలకరించడానికి. ఇంటి వెనక రేకుల షెడ్డులో వాడు టేకు పలకకి చిత్రిక పడుతున్నాడు. గోడ మీద డ్రాయింగులు, ఫోటోలు.

"రా బావ! నువ్వొత్తావని నాకు తెలుసు. ఆదిలక్ష్మీ, బావొచ్చాడు, టీ ఎట్టు!"

ఫోటో చూశాను. చూసి తలతిప్పుకోలేకపోయాను. నిజంగానే పక్షి. రెక్కలు వెనక్కి వంగి, కొసలు ఈకల్లా విచ్చుకుని ఉన్నాయి. తోక విసనకర్రలా ఉంది. రెండే సీట్లు, ఒకదాని వెనక ఒకటి.

"తుపాకీ ఏదిరా దీనికి?" అన్నాను.

"నేదు బావ. ఇది కొట్లాడే ఇమానం కాదు, తొంగిసూసే ఇమానం. యుద్ధంలో ఎనకాల కూకున్నోడు నడుపుతాడు, ముందు కూకున్నోడు కిందకి సూత్తాడు. శత్రువు ఎక్కడున్నాడు, ఏటి సేత్తన్నాడు, సూసొచ్చి సెప్పడమే పని. పైకెల్లిపోతే కిందోళ్ళకి కనపడదంట. గుడ్డ పల్సన గదా, ఎలుగు అందులోంచి దూరిపోద్ది."

ఎవడో అడిగినట్టు అంతా చెప్పాడు. నేను పలక మీద వేలితో రాసి, "ఇక్కడ ఎత్తుగా ఉంది," అన్నాను. ఎత్తు లేదు. వాడు కళ్ళు మూసుకుని చేతి వెనక భాగంతో నిమిరి, "నేదు బావ," అన్నాడు. లేదని నాకూ తెలుసు.

ఆ తర్వాత రోజూ ఆ దారిన పోవలసిన పనులే పడ్డాయి నాకు. ఒకసారి కూరగాయలకి, ఒకసారి కరెంటు బిల్లుకి, ఒకసారి ఊరికే. "గాజువాకలో దొరకని వంకాయలు కూర్మన్నపాలెంలో దొరుకుతున్నాయా?" అంది పద్మావతి. "ఆ జర్మనీవాళ్ళకి విమానం ఎందుకండీ, మిమ్మల్ని పంపిస్తే సరిపోయేది కదా, అన్నీ చూసొచ్చి చెప్పేవారు." ఆవిడ మాటకి నిఖిత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

రోజురోజుకీ ఆ విమానం బాడీ తయారవుతుంటే నా కడుపు రగిలిపోయింది. అంత బాగా చేశాడు దొంగవెధవ. పోత నమూనాలకి అలవాటైన చెయ్యి కదా, రెండేసి అంగుళాల మందాన టేకు గోడలు పెట్టి, పైన అద్దంలా పాలిష్ పట్టాడు. ముందు సీట్లో చిన్న చెక్క మనిషిని కూడా చెక్కి కూర్చోబెట్టాడు. అంచు మీదుగా వంగి కిందకి చూస్తున్న మనిషి. భుజం మీద తువ్వాలు.

"అది నువ్వేనా?" అన్నాను.

"నానే. ఎనకసీట్లో ఎవులున్నా పర్లేదు, నాను మాత్తరం ముందే కూకుంటాను," అన్నాడు. ఆ బొమ్మ తల మీద వేలితో రాసి, "ఇలాటి ఇమానం ఒకటుంటే పైనుంచి మా ఊరు ఎక్కడో ఆనవాలు కట్టేద్దును బావ. కిందనుంచైతే ఏటీ కనబడదు," అన్నాడు. నేను వినిపించుకోలేదు. ఎప్పుడూ ముందు సీటే వీడికి, అనుకున్నాను.

ఒకనాడు టీ తాగుతుండగా వాడు గ్లాసు కింద పెట్టి, "బావ, రెక్కలు నువ్వు సెయ్యాల," అన్నాడు.

"ఎందుకు? నీ చేతులకేమొచ్చింది?"

"నా సెయ్యి మొద్దు సెయ్యి. పలకలకీ దిమ్మలకీ సరే. ఆ రెక్కకి కీళ్ళు నేవు బావ. తీగలు లాగితే రెక్క కొస మొత్తం మెలి తిరగాల, ఇమానం పక్కకి తిరగడం దాంతోటే. అంత పల్సన, ఇరక్కుండా, మెలి తిరిగేలా వొంచడం నీకే వొచ్చు. నాకు రాదు."

నాకు రాదు అన్నాడు! జగ్గారావు! ఆ మాట వినడానికి ఒక జన్మంతా పట్టింది నాకు. లోపల చంకలు గుద్దుకుంటూ, పైకి మాత్రం మొహం గంభీరంగా పెట్టి, "చూద్దాంలే," అన్నాను. 

"సేసినోళ్ళ పేరు ఇత్తడి రేకు మీద సెక్కించి ఇమానానికి బిగిత్తారంట డాక్టరమ్మ," అన్నాడు వాడు నెమ్మదిగా.

అది వినగానే నాకు ఇంకేమీ వినపడలేదు. పేరు. ఇత్తడి మీద. చెరిగిపోకుండా. "అయితే నా పేరూ ఉండాలి. లేకపోతే రెక్కలు లేవు," అన్నాను.

"సెప్తానులే బావ."

"చెప్తానులే కాదు, చెప్పాలి."

"సెప్తానంటన్నాను గదేటి!"

డ్రాయింగుల్లో రెక్కల కాగితాలు తీసుకుని ఇంటికొచ్చాను. వరండా అంతా ఆక్రమించాను. వెదురు బద్దలు చీల్చి, ఆవిరి మీద వంచి, కొసలకి వచ్చేసరికి అగరుపుల్లంత సన్నగా చెక్కాను. భీమిలి బస్సెక్కి వెళ్ళి చేపల గాలాలకి కట్టే సన్నటి తీగ కొనుక్కొచ్చి, కొసలకి కట్టాను. తీగ లాగితే రెక్క కొస ఊపిరి పీల్చినట్టు పైకి లేచేది, వదిలితే దిగేది. జగ్గారావు భార్య ఆదిలక్ష్మమ్మ పల్చటి మల్లు గుడ్డ తెచ్చి రెక్కలకి చుట్టి, కనపడని కుట్టు వేసి, గంజి పెట్టింది. ఆరేసరికి గుడ్డ డప్పులా బిగిసింది. జగ్గారావుని మాత్రం వరండాలోకి రానివ్వలేదు. వాడు గేటు దగ్గర నిలబడి తొంగిచూస్తే పద్మావతి, "ఇప్పుడు ఈయన వంతా?" అని నవ్వింది.

పని పూర్తయింది. మర్నాడు కూర్మన్నపాలెం తీసుకెళ్ళి బిగించి చూడాలి. ఆ సాయంత్రం నిఖిత ఆస్పత్రి నుంచి వచ్చి, ఏదో తప్పు చేసినదానిలా చెప్పులు చాలాసేపు విప్పింది. "మామయ్యా, ప్లేటు వచ్చింది," అని ఫోన్‌లో ఫోటో చూపించింది. నిగనిగలాడే ఇత్తడి మీద ఒక్కటే పేరు. జగ్గారావు.

తల కొట్టేసినట్టయింది. చెప్పులేసుకున్నానో లేదో తెలియదు, ఆటో ఎక్కేశాను.

"నా పేరేదిరా?"

వాడు షెడ్డులో విమానానికి పాలిష్ గుడ్డ రుద్దుతున్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నాను సెప్పనేదు బావ. సెప్దామనే ఎల్లినాను. డాక్టరమ్మ కాయితం ఇచ్చి పేరు రాయమంది. నా పేరు రాసినాను. నీది రాయడానికి సెయ్యి రానేదు."

"ఎందుకు రాలేదు?"

"నీకు సర్టిఫికెట్టు మీద పేరుంది. నీ ఊరికి బోర్డుంది. బస్సోడు నీ ఊరి పేరెట్టి కేకేత్తాడు, నువ్వు దిగుతావు. సెలవెట్టి 'ఊరెల్లొత్తాను జగ్గారావూ' అని నువ్వన్న పెతిసారీ నాను ఎంత కుళ్ళిపోనానో నీకు తెల్దు బావ. మావోడు బడిలో చేరినప్పుడు సొంతూరేటని అడిగినారు. సెప్పినాను. అలాటి ఊరు నేదన్నారు. నాను ఎక్కడ పుట్టినానో ఎక్కడా నేదు. ఈ ఒక్క రేకు మీదైనా నాను ఒక్కన్నే ఉండాలనుకున్నాను. తప్పే. నువ్వు తిట్టు, పడతాను."

నేను తిట్టడానికే వచ్చాను. కానీ ఒక మాట దగ్గర ఆగిపోయాను. వీడికి నేనంటే కుళ్ళా? ఇన్నేళ్ళూ? చెప్పకూడదు గానీ, ఒక్క క్షణం భలే సంతోషమేసింది. ఆ క్షణం అయిపోగానే మళ్ళీ కోపం వచ్చేసింది.

"నీ ఊరు నేను తీసుకున్నానా? ప్లాంటు తీసుకుంది. నువ్వు మాత్రం నా పేరు మింగేశావు. రెక్కలివ్వను, ఫో!" అని వచ్చేశాను.

ఇంట్లో పద్మావతి ఒక్కటే మాట అంది. "ఇవ్వకండి. బాడీ లేకుండా రెక్కల్ని గోడకి కొట్టుకుని మీరే ఎగరండి."

మర్నాడు ఆదిలక్ష్మమ్మ వచ్చింది. మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. వరండాలో రెక్కల ముందు కొంగు దోపుకుని కూర్చుంది. "అన్నియ్యా, మీ మగోళ్ళ గొడవ నాకక్కర్నేదు. సెక్క నీది. గుడ్డ నాది, కుట్టు నాది. నా గుడ్డ ఇప్పేసి ఇచ్చీ, ఎల్లిపోతాను," అని బ్లౌజుకి పెట్టుకున్న పిన్నీసు తీసి కుట్టు దగ్గర పెట్టింది.

"అమ్మా అమ్మా, ఆగమ్మా!" అని నేను గావుకేక పెట్టాను. ఆ రెక్కల మీద గీటు పడుతుందంటేనే నా ప్రాణం పోయినంత పనైంది. "పద, నేనే తెస్తున్నాను. వాడికోసం కాదు. నీ గుడ్డ కోసం."

షెడ్డులో బిగించాం. జగ్గారావూ నేనూ మాట్లాడుకోలేదు. వాడు బాడీ పట్టుకున్నాడు, నేను రెక్క పట్టుకుని గాడిలోకి తోశాను. టక్కుమని కూర్చుంది. రెండోదీ అంతే. వాడొక చోట, నేనొక చోట, ఎవరి కాగితం వాళ్ళం చూసుకుని చేశామా, అతుకు దగ్గర వెంట్రుక దూరే సందు లేదు. వాడు అతుకు మీద చేతి వెనక భాగంతో నిమిరి నావైపు చూశాడు. నేను పైకప్పు రేకుల్ని చూశాను. వాడి పేరున్న ఇత్తడి రేకు బాడీ పక్కన నాలుగు స్క్రూలతో మెరుస్తోంది.

రెక్కలు విడదీసి వ్యాన్‌లో పెట్టి సీతమ్మధార తీసుకెళ్ళాం. కొత్త హాలు ప్రారంభం మర్నాడు పొద్దున్న. రెండు స్తంభాల మధ్య గాజు పెట్టె సిద్ధంగా ఉంది, గాజు షాపు దాలయ్య దాని తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరుగారు, నిఖిత, మా ఇద్దరి ఆడవాళ్ళూ వచ్చారు. విమానం మళ్ళీ బిగించి, నలుగురం ఎత్తి లోపలికి తోశాం.

దూరలేదు.

ముందూ వెనకా చోటు ఉంది. రెక్కలే పట్టలేదు. ఒక కొస లోపలికి వెళ్తే ఇంకో కొస స్తంభానికి తగులుతోంది. 

"కొలత తప్పు పెట్టావయ్యా దాలయ్యా!" అన్నాను.

"బలే సెప్పొచ్చావులే! పెట్టె ఇక్కడ కొలిసి సేసింది," అని దాలయ్య టేపు తీసి రెక్కల మీద పరిచాడు. "సూడండి డాక్టరమ్మా, ఇమానమే పెద్దది. ఇంకో మూడు సెంటీమీటర్లు బయటికే ఉంది."

"నీ టేపు పాడైంది," అన్నాడు జగ్గారావు. రెండు రోజుల తర్వాత నేను వాడితో ఏకీభవించాను. వాడు సంచిలోంచి స్కేలు తీశాడు. నేను నా స్కేలు తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాం. ఒక్కొక్క గీత ఎదురుగా ఒక్కొక్క గీత.

"చూశావా? రెండు స్కేళ్ళూ ఒకే మాట చెప్తున్నాయి!" అన్నాను విజయగర్వంతో.

దాలయ్య తన టేపు తెచ్చి మా రెండు స్కేళ్ళ పక్కన పరిచాడు. మా స్కేళ్ళు మీటరు అన్నచోట టేపు మీటరు దాటి రెండు సెంటీమీటర్లు పోయింది.

జగ్గారావు నోరు తెరిచాడు. నా నోరు ముందే తెరుచుకుని ఉంది.

"ఓలమ్మో," అన్నాడు వాడు. "బావ, మనం పోత పోయడానికి సేసేసినాం."

డాక్టరుగారికి అర్థం కాలేదు. చెప్పాను, ఉక్కు సంగతీ, ముడుచుకోవడం సంగతీ. చెప్తుంటే చెవులు కాలిపోయాయి. ఆవిడ ముందు మూతి బిగించుకున్నారు, తర్వాత ఆపుకోలేక స్తంభానికి ఆనుకుని నవ్వారు. "అంటే దీన్ని ఉక్కులో పోత పోస్తే సరిగ్గా సరిపోతుందన్నమాట!" అన్నారు. ఇన్నేళ్ళూ ఒకడి తప్పు కోసం ఒకడం కాచుకుని కూర్చుంటే, తప్పు కూడా ఇద్దరం ఒక్కటే చేశాం. అందుకే అంత బాగా అతికి చచ్చింది.

నవ్వులు అయ్యాక అసలు సంగతి వచ్చింది. రేపే ప్రారంభం. స్తంభాలు కదలవు. దాలయ్య సంచిలోంచి సన్న రంపం తీశాడు. "రెక్కల కొసలు సెరో కాత్త కోసేత్తే దూరిపోద్ది. ఎవులికీ తెల్దు," అన్నాడు.

ఆ కొసలే నా పని. ఊపిరి పీల్చే కొసలు. కోస్తే తీగ తెగుతుంది, గుడ్డ వదులవుతుంది, ఇంక మెలి తిరగవు. వద్దని అరవాలి. ఏమని అరవను? విమానం వాడిది, పేరు వాడిది. నాది కానిదాన్ని కొయ్యొద్దనడానికి నేనెవర్ని?

"రెక్క మీద రంపం పెట్టినావా, సెయ్యిరిగిపోద్ది!" హాలు దద్దరిల్లింది. జగ్గారావు దాలయ్యకీ రెక్కకీ మధ్య నిలబడ్డాడు. పొట్ట ఎగిరెగిరి పడుతోంది. "అలాటి రెక్క మళ్ళీ సేసేవోడు ఈ జిల్లాలో నేడు. బావ, రెక్కలు ఇప్పు."

"ఏం చేస్తావు?"

"ఇప్పు బేగి."

విప్పాను. వాడు సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి తన పేరున్న ఇత్తడి రేకు కింద దూర్చి లాగాడు. స్క్రూలు రాకముందే రేకు వంగిపోయింది. దాన్ని చూడకుండా చొక్కా జేబులో పడేసి, చిత్రిక తీసుకుని, తన బాడీ మీద పట్టడం మొదలుపెట్టాడు. ఆ అద్దంలాంటి పాలిష్ చుట్టలు చుట్టలుగా లేచి నేల మీద పడింది. రెండేసి అంగుళాల గోడ కదా, అటు కాస్త ఇటు కాస్త సన్నం చేస్తే రెక్కలు ఒకదానికొకటి దగ్గరికి జరుగుతాయి. నేను ఆలోచించలేదు ఆ సంగతి. రెక్కల కొసలు తప్ప నాకేమీ గుర్తులేదు.

కాసేపు చూశాను. తర్వాత నా చిత్రిక తీసుకుని రెండో పక్కన మొదలుపెట్టాను. వాడు తలెత్తలేదు. "ఆ పక్క ఎక్కువ పట్టకు," అన్నాడంతే.

సాయంత్రానికి విమానం పెట్టెలో కూర్చుంది. బాడీ మీద పాలిష్ లేదు, పచ్చి టేకు రంగు. ముందు సీట్లో మనిషి కిందకి చూస్తూనే ఉన్నాడు. రెక్కలు మాత్రం అలాగే ఉన్నాయి, ఈకతో సహా.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే నిఖిత ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. 

"మామయ్యా, పాత ప్లేటు వంగిపోయింది కదా, డాక్టరుగారు రాత్రికల్లా కొత్తది చేయిస్తున్నారు. పెట్టె కింద చెక్కకి బిగిస్తారట. చిన్నది, రెండు లైన్లే పడతాయి. మీ ఇద్దరి పేర్లూ వేయిస్తానన్నారు. ఎవరి పేరు ముందుండాలని జగ్గారావుగారిని అడిగితే, మా బావనే అడగండి అన్నారు. చెప్పండి."

నాదే ముందు. ఆ మాట నాలుక చివర ఉంది. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంది. "నాదే" అని సగం అన్నాను కూడా. పద్మావతి తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"రాసుకో," అన్నాను. "మొదటి లైను, జగ్గారావు."

"రాసుకున్నాను. రెండో లైను మీదే కదా?"

"రెండో లైను, మొగలిపాలెం."

"మరి మీ పేరు మామయ్యా?" అంది.

"అంత పెద్ద రెక్కలు కనపడ్డంలేదా నీకు? ఇంకోసారి అడిగావంటే మనసు మార్చుకుంటాను. బేగి ఫోను పెట్టెయ్!" అని నేనే పెట్టేశాను. పద్మావతి తువ్వాలు అందించింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఆ పూట ఏమీ అనలేదు. అదీ నాకు నచ్చలేదు.

మర్నాడు పొద్దున్న హాలు నిండా పిల్లలూ తల్లులూ. నేను తెల్ల చొక్కా వేసుకుని, పెట్టె పక్కనే, రెక్కల గురించి ఎవరైనా అడిగితే చెప్పడానికి వీలుగా నిలబడ్డాను. జగ్గారావు ఆలస్యంగా వచ్చాడు. విమానం చూసి నవ్వాడు. వంగి ప్లేటు చూశాడు. మొదటి లైను మీద వేలు పెట్టి చదువుకున్నాడు. రెండో లైను మీద పెట్టిన వేలు తీయలేదు. 

ఆ తర్వాత అక్కడే నేల మీద చతికిలబడి, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. "మా ఊరికి బోర్డెట్టేసావు బావా, మా ఊరికి బోర్డెట్టేసావు," అని ఒకటే మాట.

ఇంకేముంది! సూదికి ఏడుస్తున్న పిల్లలు ఏడుపు మానేసి వాణ్ణే చూశారు. డాక్టరుగారు మంచినీళ్ళు తెచ్చారు. ముక్కూ మొహం తెలియని తల్లులు "అయ్యో పెద్దాయనా" అంటూ చుట్టూ మూగారు. నిఖిత కళ్ళు తుడుచుకుంది, పద్మావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా రెక్కల వైపు ఒక్క పురుగు కూడా చూడలేదు. ఆఖరికి ఇక్కడ కూడా వాడే.

"లేవరా, ఇత్తడి మీద కన్నీళ్ళ మరకలు పడుతున్నాయి," అని రెక్క పట్టుకుని లేపాను. వాడు నా భుజం మీద తల పెట్టి నా తెల్ల చొక్కా తడిపేశాడు.

గోదావరి పక్కన మా ఊరుంది. బస్సు దిగగానే బోర్డుంటుంది, పచ్చరంగు మీద తెల్లటి అక్షరాలు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను. దాన్ని చూసి నాకు ఒక్కసారి కూడా ఏడుపు రాలేదు. అందుకు కూడా వాడంటే నాకు కుళ్ళే.